తక్కువ ధరకు మనుషులను అప్పగించకండి: కడప నగరపాలక సంస్థకు బహిరంగ లేఖ

కడప నగరపాలక సంస్థ పాలకవర్గ సభ్యులకు, కమిషనరు గారికి నమస్కారాలు.

కేంద్ర కారాగారం మన ఊళ్ళో ఉంది. మహిళల ప్రత్యేక కారాగారమూ మన ఊళ్ళోనే ఉంది. వాటి లోపలికి వెళ్ళేవారి సంగతి పోలీసులు, కోర్టులు, పత్రికలు చూసుకుంటాయి. బయటికి వచ్చేవారి సంగతి ఎవరు చూడాలని అడిగితే మాత్రం ప్రతి ఒక్కరి వేలూ పక్కవారి వైపు తిరుగుతుంది. ఆ వేలును మీ వైపు తిప్పడానికే ఈ లేఖ.

నేను రాయలసీమ పురపాలక సంఘాల్లో అకౌంట్స్ విభాగంలో పనిచేసి రిటైరయ్యాను. టెండరు షెడ్యూళ్ళు, బిల్లుల మీద కొర్రీలు, ఆడిట్ పేరాలు, ఈ కాగితాల మధ్యే నా ఉద్యోగమంతా గడిచింది. ఇప్పుడు పారా లీగల్ వాలంటీరుగా, అంటే పేదలకు న్యాయపరమైన పనుల్లో సాయపడే కార్యకర్తగా, జైలు నుంచి వచ్చినవారి కాగితాలు చూస్తున్నాను. మిమ్మల్ని జాలి చూపమని అడగబోవడం లేదు. జాలికి ఈ ఊళ్ళో కొదవ లేదు. పెద్ద దర్గా దగ్గరో దేవుని కడప గుడి దగ్గరో ఆకలితో నిలబడిన మనిషికి ఎవరో ఒకరు అన్నం పెడతారు. నేను అడిగేది ఒక కాంట్రాక్టు. నగరపాలక సంస్థ తన నిధుల్లోంచి డబ్బు కేటాయించి, తగిన సంస్థతో ఒప్పందం చేసుకొని, విడుదలైనవారికి మొదటి మూడు నెలలు తోడుగా నిలిచే సేవను కొనాలి. కొనేటప్పుడు సిమెంటు రోడ్డునూ మురుగు కాలువనూ కొన్న పద్ధతిలో కొనకూడదు. ఈ రెండో మాట కోసమే ఇంత పొడవు రాస్తున్నాను.

‘జైళ్ళు మా పరిధి కాదు’ అనే సమాధానం మీ దగ్గర సిద్ధంగా ఉంటుందని తెలుసు. నిజమే, రాజ్యాంగం ఏడో షెడ్యూలులో జైళ్ళు రాష్ట్ర జాబితా నాలుగో అంశం. అయితే 1992 నాటి 74వ సవరణ తెచ్చిన పన్నెండో షెడ్యూలు కూడా అదే రాజ్యాంగంలో ఉంది. బలహీన వర్గాల ప్రయోజనాలను కాపాడటం అందులో తొమ్మిదో అంశం, పట్టణ పేదరిక నిర్మూలన పదకొండో అంశం. జైలు గోడ లోపల ఉన్నంతవరకే అతను జైళ్ళ శాఖ మనిషి. గేటు దాటి రోడ్డు మీదికి వచ్చాక, ఆ రోడ్డూ వీధి దీపమూ మీవే, రాత్రికి అతను తల దాచుకునే బస్టాండు అరుగు కూడా మీ హద్దుల్లోదే. 2016 నాటి నమూనా జైలు మాన్యువల్‌లో విడుదల తరవాతి సంరక్షణకు ఒక అధ్యాయమే కేటాయించారు. 2023లో కేంద్ర హోం శాఖ రాష్ట్రాలకు పంపిన నమూనా జైళ్ళ చట్టంలోనూ ఆ విషయం ఉంది. ఆ పని చేసే మనుషులు ఏ ఊళ్ళో ఉండాలో, వారికి జీతం ఎవరివ్వాలో తేలకపోతే అధ్యాయాలు అధ్యాయాలుగానే మిగిలిపోతాయి.

బయటికి వచ్చేది ఎవరు అన్న విషయంలోనూ మనకు ఒక పొరపాటు అభిప్రాయం పాతుకుపోయింది. జైలు నుంచి వచ్చాడు అనగానే శిక్ష పూర్తిచేసుకున్న నేరస్థుడే కళ్ళముందు మెదులుతాడు. జాతీయ నేర గణాంకాల సంస్థ లెక్క ప్రకారం 2022 చివరికి దేశంలోని జైళ్ళలో 5,73,220 మంది ఉంటే, వారిలో 4,34,302 మంది విచారణ ఖైదీలు. అంటే ప్రతి నలుగురిలో ముగ్గురి మీద నేరం ఇంకా రుజువు కాలేదు. రేపు బెయిలు మీద మన గేటు దాటి వచ్చేవారిలో ఎక్కువమంది వీళ్ళే. 2024 జులై 1 నుంచి అమలులోకి వచ్చిన నాగరిక సురక్షా సంహిత (పాత క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ స్థానంలో వచ్చిన చట్టం) 479వ సెక్షను ప్రకారం, ఇంతకుముందు ఏ నేరానికీ శిక్ష పడనివారు, ఇప్పుడు మోపిన నేరానికి ఉన్న గరిష్ఠ శిక్షలో మూడో వంతు కాలం లోపలే గడిపేస్తే బెయిలుకు అర్హులవుతారు. చావు శిక్ష, యావజ్జీవం పడే నేరాలకు, ఒకటికి మించి కేసులున్నవారికి ఇది వర్తించదు. జామీను సొమ్ము కట్టలేని పేద ఖైదీల కోసం 2023లో కేంద్రం ఒక పథకం పెట్టింది. విచారణ ఖైదీకి 40,000 రూపాయల వరకు, జరిమానా కట్టలేక ఆగిపోయిన శిక్షా ఖైదీకి 25,000 వరకు ఇవ్వవచ్చని 2023 నాటి నియమాల్లో ఉంది. కలెక్టరు, ఎస్పీ, జైలు సూపరింటెండెంటు, న్యాయ సేవాధికార సంస్థ కార్యదర్శి ఉండే జిల్లా కమిటీ దాన్ని మంజూరు చేస్తుంది. తలుపు తీయించడానికి ఇన్ని ఏర్పాట్లు ఉన్నాయి. తలుపు తీశాక ఆ మనిషి ఎటు వెళ్ళాలన్న దగ్గర ఏర్పాట్లన్నీ ఆగిపోతాయి.

కడప గేటు దగ్గరికి వచ్చే మనుషులు మరో ఊరి గేటు దగ్గరికి వచ్చేవారిలా ఉండరు. అందుకే ఎక్కడో తయారైన టెండరు నమూనాను తెచ్చి ఇక్కడ అతికిస్తే పనికిరాదు.

ఫ్యాక్షన్ కేసుల్లో శిక్ష పడినవారి సంగతే చూడండి. పద్నాలుగేళ్ళు గడిపి, ప్రభుత్వం క్షమాభిక్ష పెట్టి వదిలిన మనిషికి సొంత ఊరే అన్నిటికన్నా ప్రమాదకరమైన చోటు కావచ్చు. అవతలి వర్గం భయం ఒకవైపు. ‘మనవాడు వచ్చాడు’ అని మళ్ళీ పక్కన నిలబెట్టుకోవాలని చూసే సొంత వర్గం ఇంకోవైపు. రెండోదే ఎక్కువ ప్రమాదమని నా అభిప్రాయం. తిండి పెట్టేది, వకీలు ఫీజు కట్టేది, ఇన్నాళ్ళు పెళ్ళాం బిడ్డలను చూసుకున్నది ఆ నాయకుడే అయినప్పుడు అతని మాట కాదనే స్తోమత ఆ మనిషికి ఎక్కడిది? ఊరు కాని ఊళ్ళో మూడు నెలలు ఉండటానికి ఒక గది, చేతికి ఒక పని దొరికితే అతనికి మొదటిసారి కాదనే వీలు కలుగుతుంది. శాంతి కమిటీల ఉపన్యాసాలకన్నా ఆ గది అద్దె చవక.

ఎర్రచందనం కేసులవారి సంగతి వేరు. శేషాచలం, పాలకొండలు, లంకమల అడవుల్లో చెట్లు నరకడానికి వచ్చి పట్టుబడిన కూలీల్లో చాలామంది తమిళనాడు తిరువణ్ణామలై జిల్లా జవ్వాది కొండల ప్రాంతంవారు. తెలుగు రాదు. చూడటానికి వచ్చేవారు ఉండరు. స్థానికంగా జామీను నిలబడేవారు ఉండరు. బెయిలు వచ్చి బయటపడ్డా ప్రతి వాయిదాకూ మళ్ళీ రాష్ట్రం దాటి రావాలి. వీళ్ళు మన ఓటర్లు కారు, మనకెందుకు అని ఏ డివిజను సభ్యుడైనా అనవచ్చు. వాయిదాకు రాలేక వారెంటు పడి మళ్ళీ మన జైలుకే వస్తే, వారి తిండి ఖర్చు, ఎస్కార్టు ఖర్చు మన రాష్ట్రమే భరిస్తుంది. చెట్టు కొట్టించి సరుకు ఓడరేవుకు చేర్చినవాడు మాత్రం ఏ వాయిదాలోనూ కనిపించడు, అది వేరే కథ.

మామూలు పేదవాడి దారి కూడా ఇక్కడ ఒకచోట ప్రత్యేకంగా మూసుకుపోతుంది. మన జిల్లాలో చేతిలో పని లేని మగవాడికి, అప్పుల్లో మునిగిన ఆడమనిషికి తరతరాలుగా తట్టే ఉపాయం కువైట్. 1967 పాస్‌పోర్టుల చట్టం ప్రకారం, కోర్టులో క్రిమినల్ కేసు నడుస్తున్నవారికి పాస్‌పోర్టు నిరాకరించవచ్చు. విచారణ జరుగుతున్న కోర్టు అనుమతి తెచ్చుకుంటే పరిమిత కాలానికి ఇస్తారు. ఆ అనుమతి కోసం దరఖాస్తు ఎలా పెట్టాలో చెప్పేవారు లేక, ఏజెంటుకు అప్పు చేసి డబ్బిచ్చి మోసపోయినవారు ఉన్నారు. మహిళల జైలు నుంచి వచ్చినవారికి ఇంకో చిక్కు: పుట్టింటి తలుపు, అత్తింటి తలుపు రెండూ మూసుకునే ఉంటాయి. పిల్లలు ఏ బంధువు ఇంట్లో ఉన్నారో వెతుక్కోవాలి. వీళ్ళకు మగవారితో కలిపి ఒకే ఆశ్రయం అంటే కుదరదు. ఇల్లు వేరుగా, చూసుకునే మనిషి వేరుగా ఉండాలని ఒప్పందంలో రాయాల్సిందే.

ఇక మొదటి వారం ఎలా గడుస్తుందో చెబుతాను, ఎందుకంటే మీరు కొనవలసింది సరిగ్గా ఆ వారాన్నే. బెయిలు ఉత్తర్వు జైలుకు చేరి, లాంఛనాలు పూర్తయ్యేసరికి తరచూ చీకటి పడుతుంది. బద్వేలు అవతలి పల్లెకో, జమ్మలమడుగు అవతలి పల్లెకో చివరి బస్సు వెళ్ళిపోయి ఉంటుంది. ఫోను ఉండదు, ఉన్నా సిమ్ము పనిచేయదు. ఆధార్‌కు జోడించిన నంబరు పోయింది గనుక ఓటీపీ రాదు. ఓటీపీ రాకపోతే బ్యాంకులో పని జరగదు. లోపల ఉన్న కాలంలో ఇంటి సర్వేలో పేరు తీసేసి ఉంటే బియ్యం కార్డులోనూ కనిపించడు. వృద్ధాప్య పింఛను తీసుకునే మనిషి అయితే నెలల తరబడి వేలిముద్ర పడలేదు కాబట్టి ఆగిపోయి ఉంటుంది. 2019 అక్టోబరు 2 నుంచి మనకు వార్డు సచివాలయాలు ఉన్నాయి. ఈ కాగితాల్లో చాలావాటికి దారి అక్కడినుంచే. కానీ అక్కడికి వెళ్ళి ‘ఇన్నాళ్ళూ ఎక్కడున్నావు?’ అన్న ప్రశ్నకు పదిమంది వింటుండగా జవాబు చెప్పాలి. పక్కన తెలిసిన మనిషి ఒకరుంటే ఆ ప్రశ్న గొంతు తగ్గుతుంది. నేను వాలంటీరుగా చేసే పనిలో సగం అలా పక్కన నిలబడటమే.

మందుల సంగతి మరీ ముఖ్యం. క్షయకో, హెచ్‌ఐవీకో, మూర్ఛకో, మానసిక వ్యాధికో లోపల క్రమంగా మందులు అందిన మనిషికి గేటు దాటగానే ఆ వరస తెగిపోతుంది. అమెరికాలోని వాషింగ్టన్ రాష్ట్రంలో జైళ్ళ నుంచి విడుదలైన 30,000 మందికి పైగా మనుషులను గమనించి 2007లో ఒక అధ్యయనం ప్రచురించారు. విడుదలైన మొదటి రెండు వారాల్లో వారికి చావు ముప్పు మిగతా జనంకన్నా దాదాపు 12.7 రెట్లు ఎక్కువగా ఉంది. అక్కడ ప్రధాన కారణం మత్తుమందుల మోతాదు మించడం. మన దగ్గర కారణాలు వేరుగా ఉండవచ్చు. మొదటి రెండు వారాలు ప్రమాదకరమన్న సంగతి మాత్రం ఇక్కడ పనిచేసేవారెవరినడిగినా చెబుతారు. జైలు వైద్యుడు రాసిచ్చిన చీటీ పట్టుకొని సర్వజన ఆసుపత్రి సరైన విభాగం దాకా వెంట వెళ్ళే మనిషి ఒకరు కావాలి. దానికి డిగ్రీ అక్కరలేదు, ఓపిక కావాలి.

అన్నిటికన్నా మించి వాయిదా. బెయిలు మీద ఉండి వాయిదాకు రాకపోవడం న్యాయ సంహిత (పాత ఐపీసీ స్థానంలో వచ్చిన చట్టం) 269వ సెక్షను కింద విడిగా ఒక నేరం. ఒక వాయిదా తప్పితే వారెంటు. జామీను నిలబడినవారి మీద బాండు సొమ్ముకు నోటీసు. ఆ తరవాత అతనికి ఊళ్ళో ఎవరూ జామీను నిలబడరు. వాయిదా తప్పించుకునే ఉద్దేశం చాలామందికి ఉండదు. ఆ రోజు కూలి పోతుంది, బస్సు ఖర్చు అవుతుంది, తేదీ రాసుకున్న కాగితం పోతుంది, వకీలు గుమాస్తా ఫోను ఎత్తడు. ముందు రోజు ఒక ఫోను, పొద్దున ఒక బస్సు టికెట్టు. ఇంత చిన్న సాయం ఒక మనిషిని మళ్ళీ లోపలికి పోకుండా ఆపగలదని నా అనుభవం. మీరు పిలవబోయే ఒప్పందంలో ఈ పని పేరు ఎక్కడా లేకపోతే ఆ ఒప్పందం వృథా.

ఇప్పుడు టెండరు సంగతికి వద్దాం. మామూలు పద్ధతిలో వెళితే ఏమవుతుందో నాకు బాగా తెలుసు. గడచిన మూడేళ్ళ టర్నోవరు ఇంత ఉండాలి, ధరావతు ఇంత కట్టాలి, ఇలాంటి పని ఇంతకు ముందు చేసిన సర్టిఫికెట్టు ఉండాలి అని షరతులు పెడతాం. జైలు నుంచి వచ్చినవారితో నిజంగా పనిచేసే చిన్న సంస్థ, ఒక న్యాయవాది, ఇద్దరు ముగ్గురు కార్యకర్తలు, అద్దె గది ఉన్న సంస్థ, అక్కడే ఆగిపోతుంది. సెక్యూరిటీ గార్డులనూ పారిశుద్ధ్య కార్మికులనూ సరఫరా చేసే ఏజెన్సీకి టర్నోవరు ఉంటుంది కాబట్టి లోపలికి వస్తుంది. జీతాలు, పీఎఫ్, ఈఎస్‌ఐ అన్నీ స్థిరమే కాబట్టి పోటీ అంతా సర్వీసు ఛార్జీ మీదే. ఒకరు రెండు శాతం అంటారు, ఇంకొకరు అర శాతం, మరొకరు సున్నాకు దగ్గరగా వేసి పని దక్కించుకుంటారు. సున్నాకు దక్కించుకున్నవాడి లాభం ఎక్కడినుంచి వస్తుందో బిల్లులు పాస్ చేసిన నాలాంటివాడిని అడగనక్కరలేదు. సిబ్బంది జీతంలో కోతగా, ఆశ్రయంలో పలచబడ్డ పప్పుగా, హాజరు పట్టీలో లేని మనుషులుగా వస్తుంది.

నేను పనిచేసిన ఒక పట్టణంలో పేద మహిళలకు శిక్షణ కాంట్రాక్టు ఒకటి ఇచ్చారు. శిక్షణ పొందిన మనిషికి ఇంత అని రేటు. ఏడాది తిరిగేసరికి కాగితం మీద లక్ష్యం నిండింది, ఫొటోలు వచ్చాయి, సర్టిఫికెట్లు పంచారు, ఆడిట్ కూడా అభ్యంతరం చెప్పలేదు. ఎందుకంటే ఒప్పందం కొన్నది సంతకాలను, వచ్చినవీ సంతకాలే. ఆ మహిళల్లో ఎంతమంది మిషను ముందు కూర్చున్నారో అడిగే గడి ఆ పట్టికలో లేదు. తలకు ఇంత అని చెల్లిస్తే తలలే లెక్కకు వస్తాయి. సులువైన తలలు ముందు వస్తాయి. తాగుడు మానలేనివాడు, మతి స్థిమితం లేనివాడు, రెండుసార్లు లోపలికి వెళ్ళివచ్చినవాడు ఆ లెక్కలోకి రారు. నిజంగా సాయం కావలసింది వాళ్ళకే.

‘అయితే ఫలితాన్ని బట్టి చెల్లిద్దాం’ అని తెలివైన అధికారి ఎవరైనా అంటారు. ఆ దారిలో బ్రిటన్ పెద్ద ఎత్తున వెళ్ళి చేతులు కాల్చుకుంది. 2015లో ఇంగ్లండు, వేల్సులలో విడుదలైనవారి పర్యవేక్షణలో పెద్ద భాగాన్ని 21 ప్రైవేటు కంపెనీలకు అప్పగించారు. తిరిగి నేరం చేసేవారి సంఖ్య తగ్గితే అదనపు చెల్లింపు, పెరిగితే కోత. కంపెనీలు అనుకున్నంత ఆదాయం రాలేదు, సిబ్బందిని తగ్గించారు. కొన్నిచోట్ల ఒక మనిషి పర్యవేక్షణ అంటే ఆరు వారాలకు ఒక ఫోను కాల్ అనే స్థితికి వచ్చిందని అక్కడి తనిఖీ విభాగమే రాసింది. 2019లో ఆ విభాగం అధిపతి గ్లెనిస్ స్టేసీ ఈ పద్ధతిలోనే సరిదిద్దలేని లోపం ఉందని తేల్చారు. 2021 జూన్‌లో ఆ పనంతా మళ్ళీ ప్రభుత్వ ప్రొబేషన్ శాఖ చేతికే వచ్చింది.

అదే దేశంలో దానికి ముందు చిన్న ఎత్తున ఒక ప్రయోగం జరిగింది. 2010లో పీటర్‌బరో జైలు నుంచి ఏడాదిలోపు శిక్షతో విడుదలయ్యే మగవారి కోసం స్వచ్ఛంద సంస్థలను పెట్టారు. గేటు దగ్గరే కలుసుకోవడం, ఇల్లు వెతికిపెట్టడం, వెంట వెళ్ళడం, చేసిందంతా ఇంతే. పెట్టుబడి దాతలది, తిరిగి శిక్షలు పడటం తగ్గితేనే ప్రభుత్వం వారికి డబ్బు తిరిగిస్తుంది. 2017లో చూస్తే పోల్చిచూసిన బృందంకన్నా తిరిగి శిక్షలు పడటం 9 శాతం తక్కువ. లక్ష్యం 7.5 శాతమే. ఇక్కడ గమనించవలసిన సంగతి ఒకటుంది: గేటు దగ్గర నిలబడ్డ కార్యకర్త జీతం ఫలితం కోసం ఆగలేదు. నష్టభయం డబ్బున్నవారు మోశారు, పని చేసేవారి మీద పడలేదు. ఇంత బాగా నడిచినదాన్ని మధ్యలో కుదించడానికి కారణం, నేను పైన చెప్పిన ఆ పెద్ద పథకానికి చోటివ్వడమే. ప్రభుత్వాలు ఎక్కడైనా ప్రభుత్వాలే.

మన దేశంలోనూ దారి చూపేవారున్నారు. ముంబయిలో టాటా సామాజిక శాస్త్రాల సంస్థ వారి ‘ప్రయాస్’ 1990 నుంచి జైళ్ళలోనూ బయటా ఈ పనే చేస్తోంది. అంత దూరం కూడా పోనక్కరలేదు. పట్టణ నిరాశ్రయుల కోసం ఆశ్రయాలు నడపడాన్ని మన రాష్ట్రంలో పురపాలక సంఘాలు మెప్మా (పట్టణ పేదరిక నిర్మూలన సంస్థ) ద్వారా స్వచ్ఛంద సంస్థలకు అప్పగించడం మీకు కొత్త కాదు. ఆ నియమాల్లో లక్ష జనాభాకు కనీసం వందమందికి ఆశ్రయం ఉండాలని, మనిషికి కనీసం 50 చదరపు అడుగుల చోటు ఉండాలని రాశారు. అంటే సేవను స్వచ్ఛంద సంస్థ ద్వారా కొనడం, నెలవారీగా ఖర్చు చెల్లించడం, తనిఖీ చేయడం మన ఫైళ్ళకు అలవాటైన పనే.

కాబట్టి నా లెక్క ఇది. ముగ్గురు కార్యకర్తలు, తలకు నెలకు 20,000 చొప్పున ఏడాదికి 7,20,000. మగవారికి ఒకటి, ఆడవారికి ఒకటి, రెండు చిన్న ఇళ్ళ అద్దె కలిపి నెలకు 25,000 అనుకుంటే 3,00,000. సగటున రోజుకు ఇరవై మందికి తిండి, మనిషికి 100 రూపాయల చొప్పున 7,30,000. బస్సు టికెట్లు, ఫోన్లు, మందులు, కాగితాల ఖర్చుకు 2,50,000. మొత్తం 20 లక్షలు. అంకెల్లో అటూ ఇటూ ఉండవచ్చు, అద్దెలు మీకే బాగా తెలుసు. ఈ 20 లక్షల ధరను మీరే నిర్ణయించి ప్రకటించండి. పోటీ ధర మీద పెట్టకండి, ఎవరు ఎంత బాగా చేస్తారన్న దాని మీద పెట్టండి. కేంద్ర ఆర్థిక శాఖ 2021 అక్టోబరులో ఇచ్చిన సూచనల్లో, నాణ్యత ముఖ్యమైన సేవలకు ధరతో పాటు నాణ్యతకూ మార్కులు వేసే పద్ధతిని అనుమతించింది. ఆ దిశగా మన రాష్ట్రం నుంచి అనుమతి తెచ్చుకోవడం మీ స్థాయికి పెద్ద పని కాదు.

ఒప్పందం మూడేళ్ళకు ఉండాలి. ఏడాదికి ఒకసారి టెండరంటే, మనుషులు నమ్మకం పెంచుకునేసరికి కార్యకర్తలు మారిపోతారు. ధరావతు చిన్న సంస్థలకు మినహాయించండి. అన్నిటికీ మించి, బిల్లు ఆపకండి. ఆరు నెలల బిల్లు పెండింగులో ఉన్నా కాలువల కాంట్రాక్టరు తట్టుకుంటాడు, అప్పు పుట్టించుకుంటాడు. ఇద్దరు ముగ్గురు మనుషుల సంస్థ రెండు నెలలకే మూతపడుతుంది, ఆ రాత్రి ఆశ్రయంలో ఉన్నవారు రోడ్డు మీదికి వస్తారు. త్రైమాసికం మొదట్లోనే అడ్వాన్సు ఇచ్చి, చివర్లో లెక్క చూడండి. ముగ్గురు కార్యకర్తల్లో కనీసం ఒకరు తానే జైలు జీవితం చూసినవారై ఉండాలని షరతు పెట్టండి. గేటు దగ్గర కొత్తగా బయటపడ్డ మనిషి అలాంటివారి మాట వింటాడు, నా మాట వినడు. తనిఖీకి వచ్చేవారు హాజరు పట్టీ చూడటంతో ఆపకుండా ఈ నెల ఎన్ని వాయిదాలు ఉన్నాయి, ఎన్నింటికి వెళ్ళారు, ఎవరి మందులు ఆగాయి అని అడగాలి. ఇంకొక్కటి, దయచేసి శాలువాలు కప్పి ఫొటోలు తీయించి పత్రికల్లో వేయించకండి. అక్కడ ఉన్నట్టు ఊరికి తెలియకుండా ఉండటమే కొందరికి ప్రాణరక్షణ.

ఇది మీరు బయటివారి దగ్గర కొనేది. మీ చేతుల్లోనే ఉన్న పని ఇంకొకటి ఉంది, దానికి పైసా ఖర్చు లేదు. ఈ నగరంలో చదువు తక్కువ ఉన్నవారికి దొరికే పనుల్లో పారిశుద్ధ్యం, నీటి సరఫరా, వాచ్‌మన్ ఉద్యోగాలు పెద్ద వాటా. వాటికి పోలీసు విచారణ అడిగే చోటల్లా కేసు పేరు కనిపిస్తే చాలు, పేరు కొట్టేస్తారు. కేసు ఏమిటి, ఎప్పటిది, రుజువైందా అని చూసేవారు లేరు. చిత్రం చూడండి: కడపతో సహా జైళ్ళ శాఖ తన పెట్రోలు బంకులను ఖైదీల చేత నడిపిస్తోంది. రోజంతా జనం నగదు వాళ్ళ చేతుల మీదుగా పోతుంది. అనంతపురం పక్కన రెడ్డిపల్లి ఆరుబయలు జైలులో వెయ్యి ఎకరాలకు పైగా భూమి ఉంది, అక్కడ సాగు చేసేది ఖైదీలే. ఖైదీగా ఉన్నప్పుడు గల్లా పెట్టె అప్పగించిన మనిషికి, స్వేచ్ఛ వచ్చాక చీపురు అప్పగించడానికి మనకు నమ్మకం చాలదు.

ఇంకా చిత్రం, ఎన్నికలో నిలబడేవారు తమ మీద ఉన్న కేసుల జాబితాను అఫిడవిట్‌లో రాసిచ్చి, గెలిచి, సభలో కూర్చోవచ్చు. విచారణలో ఉన్న కేసు వారికి అడ్డం కాదు. నేను దాన్ని తప్పుపట్టడం లేదు, రుజువు కాని కేసు అడ్డం కాకూడదన్నదే న్యాయం. అదే న్యాయం రాత్రి కాపలాదారుకూ వర్తింపజేయమంటున్నాను. అమెరికాలో హవాయి రాష్ట్రం 1998లోనే ఉద్యోగ దరఖాస్తులో ఈ ప్రశ్నను మొదట అడగకూడదని, ఎంపిక చేసి ఉద్యోగం ఇస్తామని చెప్పాకే అడగాలని చట్టం చేసింది. మీ కాంట్రాక్టర్ల షరతుల్లో ఒక్క వాక్యం మార్చండి: విచారణలో ఉన్న కేసు మాత్రమే కారణంగా ఎవరినీ తిరస్కరించరాదు, శిక్ష పడిన కేసు అయితే ఆ పనికీ ఆ నేరానికీ సంబంధం ఉన్నప్పుడే తిరస్కరించాలి. పిల్లల మీద అఘాయిత్యం చేసినవాణ్ణి బడి దగ్గర పెట్టమని ఎవరూ అడగరు. పదేళ్ళ కిందట కొట్లాట కేసులో ఉన్నవాణ్ణి చెత్త బండి నడపనివ్వమంటున్నాను. సుగాలి, ఎరుకల తండాల వారికి ఈ మార్పు ఇంకా ఎక్కువ అవసరం. నేరస్థ తెగల చట్టం 1952లో రద్దయినా అనుమానం రద్దు కాలేదు. జైళ్ళలోనే ఆ వివక్ష సాగుతోందని 2024 అక్టోబరు 3న సుప్రీంకోర్టు చెప్పవలసి వచ్చింది.

‘నేరం చేసినవారికి ప్రజల డబ్బా, బాధితుల సంగతేమిటి?’ అని సభలో ఎవరైనా లేచి అడుగుతారు. అడగాలి కూడా. ఫ్యాక్షన్‌లో భర్తను పోగొట్టుకున్న ఆడవారు ఈ జిల్లాలో ఎందరో ఉన్నారు, వారికి మనం చేసింది తక్కువే. బాధితుల పరిహార పథకం న్యాయ సేవాధికార సంస్థ దగ్గర ఉంది, దరఖాస్తు పెట్టించేవారే కరువు. అదే కార్యకర్తల చేత ఆ పని కూడా చేయించవచ్చు, ఒప్పందంలో రాయండి. విడుదలైన మనిషిని ఏ ఇంట్లో ఉంచాలో నిర్ణయించే ముందు బాధిత కుటుంబం ఎక్కడుందో చూడాలని కూడా రాయండి. ఒకరికి ఇస్తే ఇంకొకరికి తగ్గుతుందన్నంత పెద్ద మొత్తం కాదు ఇది. 20 లక్షలంటే మీ సిమెంటు రోడ్ల బిల్లుల్లో ఒక చిన్న వీధి.

నేను తయారుచేసిన ముసాయిదా షరతులు, ఖర్చు పట్టిక ఈ లేఖతో పాటు మీ కార్యాలయం ఇన్‌వర్డ్ విభాగంలో ఇచ్చి నంబరు తీసుకుంటాను. కలెక్టరు గారికీ, జిల్లా న్యాయ సేవాధికార సంస్థకూ నకళ్ళు పంపుతాను. రాబోయే బడ్జెట్ సమావేశం అజెండాలో దీన్ని ఒక అంశంగా చేర్చండి. చర్చించి తిరస్కరించినా నాకు అభ్యంతరం లేదు, కారణం మినిట్స్‌లో రాయండి. ‘నిధులు లేవు’ అని ఒక్క ముక్కలో రాసి పంపితే మాత్రం, ఏ పద్దులో లేవో, ఆ పద్దులో గత ఏడాది ఎంత ఖర్చు చేశారో సమాచార హక్కు కింద అడుగుతాను. ఆ దరఖాస్తు కూడా సిద్ధంగానే ఉంది.

ఇట్లు,
ఒక విశ్రాంత పురపాలక ఉద్యోగి,
కడప